గాలిలో నీళ్ళను లెక్కగట్టిన మనిషి

షార్జాలో మేముండే పాత విల్లాలో అమ్మ కోసం సర్దిన గది 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు. దానికి నేను కొన్న ఏసీ రెండున్నర టన్నులది. షాపులో కుర్రాడు ఒకటిన్నర టన్ను చాలదా అని అనుమానంగానే అడిగాడు. పైన ఎండకు కాగే శ్లాబు, పడమటి గోడ, తెనాలి నుంచి వస్తున్న డెబ్భై ఏళ్ళ అమ్మ. పెద్దదే ఇమ్మన్నాను. ఆ వారం ఆఫర్లో రెండిటికీ ధరలో తేడా కూడా పెద్దగా లేదు. సాఫ్ట్‌వేర్‌లో ఇరవై ఏళ్ళుగా ఉన్నవాణ్ణి. సర్వర్లయినా స్టోరేజీ అయినా కావలసినదానికి రెండింతలు కొని పెట్టుకుంటే రాత్రిళ్ళు హాయిగా నిద్ర పడుతుందని మా వృత్తిలో అందరం నమ్ముతాం. ఏసీకి కూడా అదే లెక్క అనుకున్నాను.

అమ్మ జూన్‌లో వచ్చింది. మొదటి వారం బాగానే గడిచింది. ఆ తర్వాత మొదలైంది. గది చల్లగానే ఉంది గానీ దుప్పటి తడితడిగా ఉంటోందని ఒకరోజు, డబ్బాలో పెట్టుకున్న అప్పడాలు మెత్తబడిపోతున్నాయని ఇంకోరోజు అంది. నేను రిమోట్ తీసి 24 నుంచి 21కి, తర్వాత 19కి దించాను. చలికి మోకాళ్ళు పట్టేశాయి, చెమ్మ మాత్రం పోలేదు. రాత్రిళ్ళు దగ్గు, తెల్లవారుజామున ఆయాసం. ఇంటి మీద బెంగ అనుకున్నాను. నాన్న పోయాక ఆవిడ ఎక్కడా నిలకడగా ఉండటం లేదు కాబట్టి అలా అనుకోవడం నాకు సులువైంది.

అమ్మకు నీళ్ళు పారబోయడం ఇష్టం ఉండదు. ఏసీల గొట్టాల కింద బకెట్లు పెట్టి, ఆ నీళ్ళు కరివేపాకు కుండీకి పోసేది. పిల్లలు పడుకునే హాల్లో ఉన్న పాత ఏసీ కింద బకెట్ తెల్లారేసరికి నిండిపోతోందనీ, తన గది గొట్టం కింద సగం కూడా రావడం లేదనీ, మిషనులో ఏదో తేడా ఉందేమో చూడమనీ నాతో రెండుసార్లు చెప్పింది. కొత్త మిషను కదా, తక్కువ కారితే మంచిదేగా అని నవ్వేశాను. ఆగస్టు నెలాఖరున బీరువా జరిపితే వెనక గోడంతా నల్లటి బూజు. క్లినిక్‌లో డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న కూడా గదిలో చెమ్మ ఉందా అనే. డిసెంబరు దాకా ఉండాల్సిన అమ్మ సెప్టెంబరులోనే తెనాలి వెళ్ళిపోయింది.

మిషను ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం. తప్పు దానిది కాదు. ఆవిడ వెళ్ళాక, అసలు ఈ యంత్రం ఏం చేస్తుందో తెలుసుకుందామని కూర్చున్నాను. వెతుక్కుంటూ పోతే విల్లిస్ క్యారియర్ అనే మనిషి జీవితం దగ్గర తేలాను. గల్ఫ్‌లో ఉన్న మనమంతా రోజూ ఆ పేరును ఏదో ఒక గోడ మీద చూస్తూనే ఉంటాం. అది ఒక మనిషి పేరని నాకు అంతవరకు తట్టనేలేదు.

విల్లిస్ హేవిలాండ్ క్యారియర్ 1876 నవంబరు 26న అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని ఆంగోలా అనే పల్లెటూరి దగ్గర పుట్టారు. ఈరీ సరస్సు ఒడ్డున వ్యవసాయ కుటుంబం. ఒక్కడే పిల్లాడు. చలికాలం మంచు మీటర్లకొద్దీ పడే ప్రాంతం అది. మనకు చల్లదనం ఇచ్చిన మనిషి చలిదేశంలో పుట్టడం మొదట వింతగా అనిపించింది.

ఇంట్లో చేతిపని తెలిసినది తల్లి ఎలిజబెత్. చెడిపోయిన గడియారాలు, కుట్టు మిషన్లు ఆవిడే విప్పి బాగుచేసేది. పిల్లాడికి తొమ్మిదేళ్ళప్పుడు భిన్నాలు బొత్తిగా ఎక్కలేదు. ఆవిడ కోప్పడలేదు. నేలమాళిగ నుంచి ఒక గిన్నెడు ఆపిల్ పళ్ళు తెమ్మని, వాటిని సగాలుగా, పాతికలుగా, అరపాతికలుగా కోయించి, మళ్ళీ కలిపించి, తీసివేయించి చూపించింది. ఆ పూటతో లెక్క అంటే అంకెలు కావనీ, అంకెల వెనక చేత్తో పట్టుకోగల వస్తువు ఒకటి ఉంటుందనీ అబ్బాయికి అర్థమైంది. తన జీవితంలో అంతకన్నా పెద్ద పాఠం లేదని ఆయన పెద్దయ్యాక చెప్పుకునేవారు. పిల్లాడికి 11 ఏళ్ళప్పుడే తల్లి పోయింది.

చదువు నల్లేరు మీద నడక కాలేదు. 1893లో అమెరికాలో ఆర్థిక మాంద్యం వచ్చి పల్లెలు చితికిపోయాయి. కుర్రాడు పొలం పని చేశాడు, బడిలో పాఠాలు చెప్పాడు. చివరికి స్కాలర్‌షిప్ సంపాదించి 1897లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో చేరాడు. భోజనానికీ బసకీ డబ్బు కోసం పచ్చిక కోశాడు, ఇళ్ళలో పొయ్యిలు రాజేశాడు, తోటి విద్యార్థులతో కలిసి బట్టలుతికే సహకార సంఘం లాంటిది నడిపాడు. మాస్టర్స్ చదివే రోజుల్లో నేనూ రాత్రిపూట గిడ్డంగిలో పెట్టెలు మోసినవాణ్ణే కాబట్టి ఈ భాగం కాస్త ఆగి చదివాను. 1901లో ఇంజనీరింగ్ పట్టాతో బయటికొచ్చి, బఫలో ఫోర్జ్ అనే కంపెనీలో వారానికి 10 డాలర్ల జీతానికి కుదిరారు. వాళ్ళు తయారుచేసేది ఫ్యాన్లు, హీటర్లు. అంటే ఆయన మొదటి ఉద్యోగం వేడి పుట్టించే పని.

ఆ కంపెనీలో ఆయన గమనించిన మొదటి సంగతి నన్ను కుర్చీలో సర్దుకుని కూర్చునేలా చేసింది. ఒక హాలుకు ఎంత పెద్ద హీటరు కావాలో ఎవరికీ సరిగ్గా తెలియదు. అందాజుగా వేసి, ఎందుకైనా మంచిదని ఇంకొంచెం కలిపి అమ్ముతున్నారు. నేను ఏసీ కొన్న పద్ధతే. క్యారియర్ సాయంత్రాలు కూర్చుని గొట్టాల మీదుగా గాలి ఎంత వేగంతో పోతే ఎంత వేడి తీసుకుంటుందో కొలిచి పట్టికలు తయారుచేశారు. ఆ పట్టికల వల్ల కంపెనీకి ఒక్క చలికాలంలోనే 40 వేల డాలర్లు మిగిలాయట. వారానికి 10 డాలర్ల మనిషి! యజమానులు ఆయనకు ఒక ప్రయోగశాల ఇచ్చారు.

1902లో బ్రూక్లిన్ నుంచి ఒక చిక్కు వచ్చింది. అక్కడ సాకెట్ అండ్ విల్‌హెల్మ్స్ అనే రంగుల అచ్చు కంపెనీ ఉండేది. ఒక బొమ్మకు ఒక్కో రంగు విడివిడిగా, ఒకదాని మీద ఒకటి అద్దాలి. వేసవిలో గాలిలో చెమ్మ పెరిగితే కాగితం సాగుతుంది, తగ్గితే ముడుచుకుంటుంది. నిన్న పసుపు రంగు పడినచోట ఇవాళ ఎరుపు పడదు. పెదవుల ఎరుపు బుగ్గ మీదికి వచ్చి కూర్చుంటుంది. కాగితం వృథా, గడువులు తప్పడం. బఫలో ఫోర్జ్ న్యూయార్క్ ఆఫీసు చూసే ఇర్విన్ లైల్ ఈ సంగతి పాతికేళ్ళ క్యారియర్‌కు పంపారు.

వాళ్ళు అడిగింది చల్లదనం కాదు. అక్కడ పనిచేసే మనుషులకు చెమట పోస్తోందని ఎవరూ ఫిర్యాదు చేయలేదు, చేసినా వినేవాళ్ళు లేరు. అడిగిందల్లా గాలిలో చెమ్మ ఏడాది పొడుగునా ఒకేలా ఉండాలని. క్యారియర్ వాతావరణ శాఖ పట్టికలు ముందు వేసుకుని, ఏ వేడి దగ్గర గాలి ఎంత నీటిని మోయగలదో లెక్క చూశారు. చల్లని నీళ్ళు పోసిన స్టీలు గ్లాసు పక్కన పెడితే బయట చెమరుస్తుంది కదా. ఆ నీళ్ళు గ్లాసు లోపలివి కావు, గాలిలోవి. గాలిని తగినంత చల్లని గొట్టాల మీదుగా, తగినంత సేపు పోనిస్తే, ఎక్కువైన నీరంతా ఆ గొట్టాల మీదే దిగిపోతుంది. ఆయన చేసినది ఆ గ్లాసును లెక్కలోకి తేవడం. 1902 జూలై 17 తేదీతో ఆ నక్షాలు తయారయ్యాయి. ఒక వరస గొట్టాల్లో బావినీళ్ళు, ఇంకో వరసకు అమ్మోనియా కంప్రెసర్. లక్ష్యం 55 శాతం తేమ. ఆ తేదీనే నేటి ఏసీ పుట్టినరోజుగా చెప్పుకుంటారు.

న్యాయంగా చెప్పాలంటే ఆ రోజుల్లో ఆయన ఒక్కరే లేరు. దాదాపు అదే సమయంలో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజి భవనాన్ని చల్లబరిచే ఏర్పాటు ఆల్ఫ్రెడ్ వుల్ఫ్ అనే ఇంజనీరు చేశారు. అంతకు యాభై ఏళ్ళ ముందు ఫ్లోరిడాలో జాన్ గోరీ అనే డాక్టరు, జ్వరాలతో కాగిపోతున్న రోగుల గది చల్లబరచాలని ఐసు మిషను కనిపెట్టి, 1851లో పేటెంటు తెచ్చుకుని, కొనేవాళ్ళు లేక దివాళా తీసి 1855లో పోయారు. క్యారియర్ ప్రత్యేకత యంత్రం కన్నా లెక్కలో ఉంది.

బ్రూక్లిన్ యంత్రం సామర్థ్యాన్ని రోజుకు 1,08,000 పౌన్ల ఐసు కరిగినంత చల్లదనం అని చెబుతారు. అమెరికా టన్ను 2,000 పౌన్లు. అంటే 54 టన్నులు. ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా నాన్న చివరిదాకా ఏసీ టన్ను అంటే ఆ పెట్టె బరువనే అనుకున్నారు. ఒకటిన్నర టన్నుల ఇనుము గోడకు ఎలా ఆగుతుందని బిగించేవాణ్ణి అడిగారు కూడా. టన్ను అంటే ఒక టన్ను ఐసు 24 గంటల్లో కరిగితే ఎంత వేడిని పీల్చుకుంటుందో అంత. గంటకు లెక్కవేస్తే 12 వేల బీటీయూ, మన కొలతలో మూడున్నర కిలోవాట్లు. యంత్రాలు రాకముందు చల్లదనం అంటే నిజంగా ఐసే. బోస్టన్ వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ అమెరికా చెరువుల్లో గడ్డకట్టిన మంచును కోయించి, రంపపు పొట్టులో పొదిగి, ఓడల్లో 1833లో కలకత్తా చేర్చాడు. మద్రాసులో ఆ మంచు దాచడానికి 1842లో కట్టిన ఐస్ హౌస్ మెరీనా ఒడ్డున ఇప్పటికీ ఉంది. తర్వాత వివేకానందుడు బస చేసిన భవనం అదే. చదువుకునే రోజుల్లో దాని ముందు నుంచి ఎన్నోసార్లు నడిచాను. నా ఇంటి ఏసీ కొలత ఆ గోడల వెనక మాటే అని తెలియకుండానే.

మళ్ళీ క్యారియర్ దగ్గరికి. 1902 చలికాలం మొదట్లో ఒక సాయంత్రం పిట్స్‌బర్గ్ స్టేషన్లో రైలు కోసం నిలబడి ఉన్నారు. ప్లాట్‌ఫారం అంతా పొగమంచు. ఆయన బుర్ర అక్కడా ఆగలేదు. పొగమంచు అంటే ఇక నీరు పట్టని గాలి. అయినా చలి వల్ల ఆ గాలిలో ఉన్న మొత్తం నీరు తక్కువే. అలాంటప్పుడు గాలిని చల్లటి నీటి తుంపరల్లోంచి పోనిచ్చి, ఆ నీటి చల్లదనాన్ని మన చేతిలో పెట్టుకుంటే, గాలిలో ఎంత నీరు మిగలాలో మనమే నిర్ణయించవచ్చు. నీళ్ళు చల్లి గాలిని ఆరబెట్టడం! వినడానికి తలకిందులుగా ఉంటుంది. రైలు వచ్చేలోపు దాని ఆకారం ఆయనకు దొరికిందంటారు. ఆ యంత్రానికి 1906 జనవరి 2న పేటెంటు వచ్చింది. ఎయిర్ కండిషనింగ్ అనే పేరు మాత్రం ఆయన పెట్టింది కాదు. అదే సంవత్సరం స్టువర్ట్ క్రామర్ అనే బట్టల మిల్లుల ఇంజనీరు వాడిన మాట. నూలు తెగకుండా మిల్లు గాలిలో తేమ సరిచూడటానికి ఆయన ఆ మాట పుట్టించాడు. అక్కడా మనిషి సంగతి లేదు. 1907లో క్యారియర్ యంత్రం మొదటిసారి సముద్రం దాటింది కూడా జపాన్‌లో, యొకొహామా దగ్గరి పట్టు మిల్లుకే. నూలు, పట్టు, కాగితం, మందు గుళికలు, చాక్లెట్లు. వీటన్నిటి తర్వాత వచ్చింది మనిషి వంతు.

ఆయన జీవితంలో నాకు బాగా దగ్గరగా అనిపించిన సంఘటన విజయం కాదు, ఒక వైఫల్యం. బఫలో ఫోర్జ్‌లో ఉన్నప్పుడే మిస్సోరీలోని క్రిస్టల్ సిటీ అనే ఊళ్ళో ఒక గాజు కర్మాగారానికి గ్యాసును శుభ్రం చేసే పరికరం బిగించడానికి వెళ్ళారు. కొత్త పద్ధతి. పరికరం నడిచింది గానీ, కంపెనీ రాసిచ్చిన హామీ మేరకు పనిచేయలేదు. నష్టం 20 వేల డాలర్లు. కడుపులో తిప్పినట్టై, రాత్రిళ్ళు నిద్ర పట్టలేదు. చివరికి ఒక పద్ధతి పట్టుకున్నారు. జరగగలిగిన అతి చెడ్డది ఏమిటి? జైల్లో పెట్టరు, కాల్చిపారెయ్యరు, ఉద్యోగం పోవచ్చు. పోతే ఇంకోటి దొరుకుతుంది. అంతకు మనసులో సిద్ధపడ్డాక నిద్ర పట్టింది, తల పనిచేసింది. కొలతలు మళ్ళీ తీసి చూస్తే, ఇంకో 5 వేల డాలర్ల సామాను చేరిస్తే పరికరం దారికొస్తుందని తేలింది. చేర్చారు. కంపెనీకి 20 వేలు పోవలసింది 15 వేలు మిగిలాయి. ఈ కథను డేల్ కార్నెగీ తన పుస్తకంలో రాయడంతో లోకమంతటికీ తెలిసింది. చింత మానడం ఎలా అనే పాఠంగా చదువుతారు దీన్ని. నాకు మాత్రం అందులో చివరి భాగమే గుర్తుండిపోయింది. తప్పు తనదని ఒప్పుకున్నాకే ఆయన మళ్ళీ కొలవడం మొదలుపెట్టగలిగారు. నేను బూజు తుడిచేసి, గోడకు రంగు వేయించి, అమ్మకు ఇంటి బెంగ అని చెప్పుకుంటూ మూడు నెలలు గడిపాను.

1911లో అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘంలో ఆయన ఒక పత్రం చదివారు. గాలి వేడికీ, తేమకూ, అందులోని నీటి బరువుకూ మధ్య ఉన్న లెక్కలన్నిటినీ సూత్రాలుగా, ఒక పటంగా కూర్చిన పత్రం అది. ఇవాళ దుబాయ్‌లో ఏ టవరుకు ఏసీ డిజైన్ చేసే ఇంజనీరైనా ఆ పటం సంతతినే వాడతాడు. తెనాలిలో మే నెలాఖరు రోహిణి ఎండా, షార్జాలో ఆగస్టు ఉక్కపోతా ఆ పటంలో వేరువేరు చోట్ల పడతాయి. అల్ ఐన్‌లో మా తమ్ముడి ఇంట్లో, అంటే ఎడారి పొడి గాలిలో, నేను చేసిన పొరపాటు ఇంతగా బయటపడేది కాదేమో. సముద్రం పక్కన ఉన్నవాళ్ళకే ఈ శిక్ష.

ఆ లెక్కతో చూస్తే నా ఇంట్లో జరిగింది ఇది. ఏసీ ఆన్ అయ్యాక లోపలి గొట్టాలు చల్లబడి, గాలిలోని నీరు వాటి మీద దిగి, బొట్లుగా పేరుకుని, కిందికి కారడానికి కొంత సమయం పడుతుంది. చిన్న గదిలో పెద్ద ఏసీ గాలిని నాలుగైదు నిమిషాల్లోనే చల్లబరిచేస్తుంది. థర్మోస్టాట్ పని అయిపోయిందనుకుని కంప్రెసర్‌ను ఆపేస్తుంది. గొట్టాల మీద దిగిన తడి ఇంకా కారనే లేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది కాబట్టి ఆ తడి మళ్ళీ గాలిలో కలిసి గదిలోకే వస్తుంది. నేను రిమోట్‌లో అంకె దించినకొద్దీ గోడలు ఇంకా చల్లబడ్డాయి. చల్లబడిన గోడ మీద, గాలి ఆడని బీరువా వెనక, స్టీలు గ్లాసు మీద పేరుకున్నట్టే నీరు పేరుకుంది. అక్కడే బూజు. అమ్మ బకెట్ సగం కూడా నిండకపోవడానికి కారణం అంతే. ఆ నీళ్ళు బకెట్లోకి రాకుండా గదిలో ఉండిపోయాయి. ఆవిడ ఆ సంగతి జూలైలోనే చెప్పింది.

క్యారియర్ కథలో మిగిలినది వేగంగా నడిచింది. యుద్ధం రోజుల్లో బఫలో ఫోర్జ్ ఇక ఫ్యాన్లకే పరిమితమవుదామని నిర్ణయించుకోవడంతో, ఆయనా లైలూ ఇంకో ఐదుగురు యువ ఇంజనీర్లూ కలిసి 1915 జూన్ 26న సొంత కంపెనీ పెట్టారు. ఏడుగురూ కూడబెట్టింది 32,600 డాలర్లు. 1922లో అపకేంద్ర కంప్రెసర్‌తో నడిచే చిల్లర్‌ను లోకానికి చూపించారు. పెద్ద భవనాలను చల్లబరచడం దాంతోనే సాధ్యమైంది. ప్రాణాంతకమైన అమ్మోనియా బదులు డైలీన్ అనే ద్రవం వాడారు.

జనం మధ్యకు ఏసీ వచ్చింది సినిమా హాలు దారినే. 1925లో న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లోని రివోలీ థియేటరుకు ఏసీ బిగించాలి. కొత్త ద్రవం ప్రమాదమేమోనని నగర భద్రతాధికారి అనుమతి ఇవ్వలేదు. క్యారియర్ ఆయన ముందే ఒక పాత్రలో ఆ ద్రవం పోసి, అగ్గిపుల్ల గీసి అందులో పడేశారు. భగ్గున లేవలేదు, నెమ్మదిగా కాలి ఆగిపోయింది. అనుమతి వచ్చింది. మే నెలాఖరు సెలవురోజున మొదటి ఆట. యంత్రం మొదలు పెట్టడం ఆలస్యమై, నిండిన హాలు ఉడికిపోతోంది. జనం అందరూ తెచ్చుకున్న విసనకర్రలు ఊపుకుంటున్నారు. క్యారియర్ బృందం వెనక నిలబడి ఆ విసనకర్రలనే చూస్తోంది. నెమ్మదిగా ఒకటి ఆగింది, తర్వాత ఇంకొకటి, అలా హాలంతా ఆగిపోయాయి. పారమౌంట్ అధిపతి అడాల్ఫ్ జూకర్ ఆ రోజు హాల్లోనే ఉన్నారు, జనానికి ఇది నచ్చుతుందని ఒప్పుకున్నారు. మన ఊళ్ళలోనూ అంతేగా. బొమ్మ ఎలా ఉన్నా సరే, ఏసీ అని బోర్డు ఉంటే మే నెల మ్యాట్నీకి టికెట్లు తెగేవి. మా నాన్న జీవితంలో మొదటిసారి ఏసీ గాలి పీల్చింది బెజవాడలో ఒక సినిమా హాల్లోనే. ఏ సినిమా అన్నది ఆయనకు గుర్తులేదు, బయటికొచ్చాక కళ్ళజోడు మసకబారడం మాత్రం గుర్తుండేది.

ఇంతటి లెక్కల మనిషి రోజువారీ విషయాల్లో పరమ మతిమరుపు. ఒకసారి ఊరికని పెద్ద సూట్‌కేసు మోసుకెళ్ళి తెరిస్తే లోపల ఒక్క జేబురుమాలే ఉందట. వ్యక్తిగత జీవితంలో కష్టాలూ తక్కువేం కావు. మొదటి ఇద్దరు భార్యలూ ఆయన ముందే పోయారు, మూడో పెళ్ళి అరవై దాటాక జరిగింది. 1930ల మాంద్యంలో కంపెనీ మునిగినంత పనై, గట్టెక్కి, 1937లో సిరక్యూస్ నగరానికి చేరింది. రెండో ప్రపంచయుద్ధంలో, ఎత్తున ఎగిరే విమానాల మీద మంచు ఎలా పేరుకుంటుందో పరీక్షించే గాలి సొరంగాన్ని గడ్డకట్టే చలికి దించడానికి క్లీవ్‌లాండ్‌లో ఆయన చేసిన ఏర్పాటే తన పనుల్లో గొప్పదని ఆయన అనుకునేవారు. ఇళ్ళ కిటికీల్లో ఏసీలు మామూలు వస్తువులయ్యే కాలం వచ్చేసరికి, 1950 అక్టోబరు 7న న్యూయార్క్‌లో కన్నుమూశారు.

అప్పటికి దుబాయ్‌లో కరెంటు కంపెనీయే లేదు. అది 1959లో పెట్టారు. క్రీక్ ఒడ్డున అల్ ఫహీదీ పాత ఇళ్ళ మీద నాలుగు వైపులా తెరిచిన గాలి గోపురాలు, బర్జీల్‌లు, కనిపిస్తాయి చూడండి. మనవైపు వట్టివేళ్ళ తడికలకు నీళ్ళు చల్లినట్టు, వాళ్ళు ఆ గోపురాలతో సముద్రగాలిని కిందికి దింపుకునేవారు. గాలి వచ్చేది, చెమ్మా దాంతోపాటే వచ్చేది. చెమ్మను విడదీసింది మాత్రం ఈరీ ఒడ్డు రైతుబిడ్డ.

పోయిన జనవరిలో ఆ గదికి లెక్క మళ్ళీ వేశాను, ఈసారి టేపు పట్టుకుని. అమెరికా ప్రభుత్వపు పట్టిక ప్రకారం 100 నుంచి 150 చదరపు అడుగుల గదికి 5 వేల బీటీయూ చాలు. ఎండ బాగా పడితే 10 శాతం కలపాలి, ఇద్దరికి మించి ఉంటే తలకు 600, వంటగదైతే 4 వేలు. అది వాళ్ళ ఎండకు చెప్పిన లెక్క. ఎండలో కాగే శ్లాబుకు, పడమటి గోడకు, ఈ ఊరి ఆగస్టుకు దాదాపు రెండింతలు చేసినా 10 వేల దగ్గరే ఆగింది. నేను పెట్టింది 30 వేలు! ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. ఇక్కడి ఏసీల పట్టీ మీద చాలావాటికి రెండు అంకెలు ఉంటాయి. ఒకటి బయట 35 డిగ్రీలున్నప్పటిది, రెండోది 46 డిగ్రీలప్పటిది. రెండో అంకె తక్కువగా ఉంటుంది. గల్ఫ్‌లో చూసుకోవలసింది దాన్నే. ఊళ్ళో అమ్మానాన్నలకు ఏసీ కొనిపెట్టేవాళ్ళు, అక్కడి డబ్బా మీద అంకె సాధారణంగా 35 డిగ్రీలదని గుర్తుంచుకుంటే మంచిది.

46 డిగ్రీల దగ్గర 10 వేలకు తగ్గని ఒక టన్ను ఏసీ, అదీ అవసరాన్నిబట్టి వేగం తగ్గించుకుని ఆగకుండా నడిచే ఇన్వర్టర్ రకం, అమ్మ గదిలో పెట్టించాను. రెండున్నర టన్నులది హాల్లోకి మారింది. అక్కడ దానికి చేతినిండా పని. గొట్టాలు మార్చిన ఖర్చు, గ్యాసు, రంగు అన్నీ కలిపితే ఆఫర్లో మిగిలిందనుకున్నదానికి నాలుగు రెట్లు అయ్యింది. మా ఆవిడ ఆ లెక్క ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించింది.

అమ్మను రమ్మనడానికి నేను ఫోన్లో ఈ క్యారియర్ కథంతా చెప్పాను. ఆపిల్ పళ్ళ దగ్గర శ్రద్ధగా విన్నది, మిగతాదానికి ఊఁ కొట్టింది. బకెట్ విషయంలో తను చెప్పిందే నిజమని నేను ఒప్పుకున్నప్పుడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, పాస్‌పోర్టు గడువు చూడమని మా అన్నయ్యకు చెప్పానంది.

ఈ జూలైలో వచ్చింది. మొదటి రాత్రి నాకే సరిగ్గా నిద్ర పట్టలేదు, రెండుసార్లు లేచి తలుపు దగ్గర నిలబడి దగ్గు వినిపిస్తుందేమోనని విన్నాను. ఏసీ చిన్నగా మూలుగుతోంది, ఆగడం లేదు. పొద్దున్నే నేను లేచేసరికి అమ్మ పెరట్లో ఉంది. తన గది గొట్టం కింద బకెట్ నిండి, నీళ్ళు గచ్చు మీదికి పొర్లుతున్నాయి. కరివేపాకు కుండీ ఎప్పుడో తడిసిపోయింది. బజారుకు వెళ్ళినప్పుడు ఇంకో బకెట్ తెమ్మంది, కాస్త పెద్దది.